టీవీ వెనక అన్సెల్మో గారు

అన్సెల్మో బెర్గమీన్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ ఇంట్లోనైనా రంగుల టీవీ కనబడితే లోపలికి వెళ్ళి దాని ముందు కూర్చోకుండా ఉండలేరు. తెలిసినవాళ్ళ ఇల్లా, తెలియనివాళ్ళ ఇల్లా అన్న పట్టింపు లేదు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగి, మెడ సాచి, కిటికీ తెర సందులోంచి లోపలికి చూసేవారు. లోపల రంగులు కదిలితే చాలు, టోపీ తీసి చంకలో పెట్టుకుని తలుపు తట్టేవారు. తలుపు తీసినావిడ ఎవరు కావాలని అడిగేలోపే, "అమ్మా, మీ టీవీ వేడెక్కిందా?" అని అడిగేవారు.

వేడెక్కకపోతే వేడెక్కేదాకా కూర్చునేవారు. అందుకు అరగంట పట్టేది. ఇంటికొచ్చిన మనిషిని అరగంటసేపు ఊరికే కూర్చోబెట్టడం దక్షిణ బ్రెజిల్‌లోని ఆ కషియాస్ ఊరి ఆడవాళ్ళకి చేతకాదు. కాఫీ వచ్చేది. కాఫీ వెంట కేకు వచ్చేది. కేకు అయ్యాక జున్ను, సలామీ మాంసం ముక్కలు, ఇంట్లో పట్టిన వైన్ ఒక గ్లాసు. అరగంట కాగానే ఆయన తెరకి జానెడు దూరంలో ముక్కు పెట్టి, అందులో పాడుతున్న అమ్మాయి బుగ్గలు పరీక్షగా చూసి, రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్పేవారు. "ఆరోగ్యంగా ఉంది" అంటే లేచి వెళ్ళిపోయేవారు. "దుమ్ము పట్టింది" అంటే మాత్రం తోలుసంచీ తీసుకుని టీవీ వెనక్కి వెళ్ళేవారు. అక్కడ ఓ పావుగంట. ఆ తర్వాత టీవీ మళ్ళీ వేడెక్కాలి కాబట్టి ఇంకో అరగంట, ఇంకో కేకు ముక్క.

అలా అయిదేళ్ళలో ఆయన పదకొండు కిలోలు పెరిగారు. ఊళ్ళో చాలామంది ఆయన కేకుల కోసమే తిరుగుతున్నారని అనుకునేవారు. ఇంకొందరు ఇంట్లో టీవీ కొనుక్కునే స్తోమత లేక అనుకునేవారు. అది మాత్రం శుద్ధ అబద్ధం. ఆయనింట్లో టీవీ ఉంది. దాన్ని ఆయన చూసేవారు కారు, ఇంట్లో ఉంటే కదా.

ఈ సంగతులన్నీ నేయ్వా కొమిన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. గాజు కర్మాగారంలో ఆయన బల్ల పక్క బల్ల ఆమెదే. ఇప్పుడామెకి డెబ్బై దాటాయి. గోడకి అతుక్కున్న పల్చటి టీవీ ముందు కూర్చుని మనవలకి ఆయన కబుర్లు చెబుతుంటే వాళ్ళు సగం నమ్మరు. టీవీ వేడెక్కడమేమిటని అడుగుతారు. వెయ్యగానే లోపల ఎక్కడో సన్నగా రొద మొదలై, వేడెక్కిన దుమ్మువాసన గదంతా కమ్ముకుని, చీకట్లోంచి బొమ్మ మెల్లిగా పైకి తేలే ఆ రోజులు వాళ్ళకి ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు.

కర్మాగారం ఊరి బయట ద్రాక్షతోటల వెనక ఉండేది. నలభై మంది పనివాళ్ళు. అక్కడ తయారయ్యేది ఒక్కటే వస్తువు, అరచేతిలో ఇమిడే గాజుబిళ్ళ. రంగుల టీవీకి ఒకటి చొప్పున పడుతుంది. అదేం చేస్తుందని ఎవరైనా అడిగితే అన్సెల్మో గారికి పండగ. టీవీలో బొమ్మని గీత తర్వాత గీతగా గీస్తారు. గాలిలో వచ్చే దారిలో రంగు కాస్త అటో ఇటో తప్పుతుంది. అందుకని పంపేవాళ్ళు ఒక గీతలో రంగుని తిన్నగా, తర్వాతి గీతలో తిరగేసి పంపుతారు. మొదటి గీతని కొంచెంసేపు ఆపి ఉంచి, రెండోది రాగానే రెండూ కలిపితే, ఇందులో తప్పూ అందులో తప్పూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు రంగు మిగులుతుంది. ఆ కొంచెంసేపు అంటే సెకనులో పదిహేనువేల వంతు కూడా ఉండదు. అంతసేపు ఆ సంకేతాన్ని ఆపి ఉంచేదే గాజుబిళ్ళ.

"తీగలో ఆపలేరా?" అని ఎవరైనా అడిగేవారు.

"ఆపొచ్చు. పన్నెండు కిలోమీటర్ల తీగ కావాలి. మీ ఇంట్లో చోటుందా?" అనేవారాయన.

ఈ పన్నెండు కిలోమీటర్ల లెక్క పుస్తకంలో చదివింది కాదు. కర్మాగారం పెట్టకముందు, రంగుల టీవీ ఇంకా బ్రెజిల్‌కి రాకముందు, ఆయన టెలిఫోన్ వాళ్ళు పారేసిన కేబుల్ చుట్టలన్నీ ఏరుకొచ్చి మామగారి గడ్డిపాకలో పేర్చి, ఒకదానికొకటి కలిపి, నిజంగానే ప్రయత్నించారు. పాకలో ఆవుకి చోటు లేకుండా పోయింది. మూడు నెలల తర్వాత ఈ కొసన సంకేతం పంపి ఆ కొసన చెవి పెట్టారు. ఆ ముచ్చట ఆయన భార్య ఎర్మెలిందా ఎప్పుడూ ఒకే తీరుగా చెప్పేది. లోపలికి వెళ్ళిన సంకేతం బయటికి రాలేదు, చుట్టల్లో పొదిగిన కోళ్ళు మాత్రం పద్నాలుగు పిల్లలతో వచ్చాయి, అని.

గాజులో ఆ గొడవ లేదు. విద్యుత్తుని సన్నటి వణుకుగా మార్చి గాజులోకి పంపితే అది మెల్లిగా నడుస్తుంది. తీగలో వెళ్ళేది హైవే మీద లారీ అయితే, గాజులో వెళ్ళేది చర్చి నుంచి ఇంటికి బయల్దేరి ప్రతి గుమ్మం దగ్గరా ఆగి క్షేమం అడిగే ముసలమ్మ అని ఆయన చెప్పేవారు. ఆ ముసలమ్మకి పదహారు సెంటీమీటర్ల దారి చాలు. ఆ దారిని కూడా గాజు అంచుల మీద నాలుగైదుసార్లు తిప్పి అరచేతంత బిళ్ళలో ఇమిడ్చే కోత కర్మాగారంలో ఆయనదే. ఆ కోత గురించి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు ఆయన బస చేసిన హోటల్లో టీవీ వేడెక్కిందో లేదో చూసి రావడం మన అన్సెల్మో గారు మరిచిపోలేదు.

ఆయన జబ్బుకి వేళాపాళా ఉండేది కాదు. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకుని, నురగతోనే ఎదురింటికి వెళ్ళిపోయారొకసారి. ఫుట్‌బాల్ ఆట చూస్తున్న ఫాదరీ గారి పక్కన కూర్చుని, సరిగ్గా గోలు పడే క్షణంలో తెరకి అడ్డంగా వంగి గోల్‌కీపర్ బుగ్గలు పరీక్షించారు. ఆ గోలు ఎలా పడిందో ఫాదరీ గారు ఇప్పటికీ చూడలేదు. మరుసటి ఆదివారం ప్రసంగం ఓర్పు మీద చెప్పారు. వినేవాళ్ళందరూ వెనక్కి తిరిగి అన్సెల్మో గారి వైపు చూశారు. ఆయన మాత్రం శ్రద్ధగా తలూపుతూ విన్నారు.

అన్నిటికంటే ఘోరం ముసలి బలెస్త్రీన్ పోయినప్పుడు జరిగింది. శవపేటిక ముందు గదిలో ఉంచారు. ఆ గదిలోనే టీవీ. మర్యాద కోసం దాని మీద నల్లబట్ట కప్పారు. చుట్టూ బంధువులు జపమాల తిప్పుతున్నారు. అన్సెల్మో గారు నల్లకోటు వేసుకుని వచ్చి, చనిపోయినాయన నుదుటి మీద చెయ్యి పెట్టి, పక్కకి జరిగి, నల్లబట్ట కొస మెల్లిగా ఎత్తి టీవీ వెనక కూడా చెయ్యి పెట్టి చూశారు.

"ఇదీ చల్లగానే ఉంది" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

చనిపోయినాయన భార్య, అమ్మగారన్నట్టు అందరూ దోనా అని పిలిచే జుల్మీరా, ఆ మాట విన్నది. బట్టలు కుట్టి బతికే మనిషి, చేతులు గట్టివి. ఆయన కోటు కాలర్ పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, తను బతికుండగా మళ్ళీ ఈ గడప తొక్కొద్దని చెప్పి తలుపేసింది.

ఇదంతా జరుగుతున్నన్ని రోజులూ నేయ్వా అందరితో పాటు నవ్వేది. కర్మాగారంలో మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయన నడకని అభినయించి చూపడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. మెడ సాచడం, టోపీ చంకలో పెట్టుకోవడం, తెర మీద ముక్కు పెట్టడం. ఒకసారి ఆయన వెనకే నిలబడి చూశారు. చూసి, మెడ ఇంకొంచెం ముందుకి రావాలని సరిచేసి వెళ్ళారు.

అయిదో ఏడు వేసవిలో ఒక శనివారం ఎర్మెలిందా నేయ్వా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మాటని చాలాసేపు చేతిరుమాలులో మెలిపెట్టి, చివరికి బయటపెట్టింది. బేకరీ నడిపే దోనా ఇరసేమా ఇంటికి తన భర్త ఈ నెలలో రెండుసార్లు వెళ్ళి, ఇవాళ మళ్ళీ బయల్దేరారట. ఇరసేమా మొగుడు పోయి రెండేళ్ళయింది. బొద్దుగా, తెల్లగా ఉంటుంది. పైగా కేకులు ఆవిడవే.

"టీవీ కోసమే వెళ్ళి ఉంటారమ్మా" అంది నేయ్వా.

"ఒకసారికైతే టీవీ. మూడుసార్లకి ఏమిటి?" అంది ఎర్మెలిందా. "నేనే వెళ్ళి చూస్తే బాగుండదు. నువ్వు రొట్టె కొనడానికి వెళ్ళినట్టు వెళ్ళి చూసిరా తల్లీ. ఏమున్నా నాకు చెప్పు. ఏమీ లేకపోయినా చెప్పు."

ఆ సాయంత్రమే నేయ్వా బేకరీకి వెళ్ళింది. కొట్టు ముందు, ఇల్లు వెనక. రొట్టె తీసుకున్నాక, అన్సెల్మో గారు వచ్చారా అని మామూలుగా అడిగినట్టు అడిగింది. వెనక గదిలో దుమ్ము దులుపుతున్నారనీ, నాలుగు రోజుల కిందట చూస్తే టీవీ వేడెక్కేలోపే కరెంటు పోయిందనీ, అంతకుముందు వచ్చినప్పుడు రంగుల కార్యక్రమమే లేదనీ, పాపం తిరగలేక చస్తున్నారనీ ఇరసేమా చెప్పింది. గల్లా దగ్గర జనం ఉన్నారు, నువ్వే లోపలికి వెళ్ళి ఈ కేకు ముక్క ఆయనకిచ్చిరా అంది.

నేయ్వా పళ్ళెం పట్టుకుని గదిలో అడుగుపెట్టగానే ఆమెకి తెలిసిన వాసన ముక్కుకి తగిలింది. కరిగిన సీసం, కాలిన గుగ్గిలం. కర్మాగారంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీల్చే వాసనే. టీవీ వెనక మోకాళ్ళ మీద అన్సెల్మో గారు, చేతిలో సోల్డరింగ్ కడ్డీ.

"దుమ్ముకి అదెందుకండీ?" అంది.

ఆయన ఉలిక్కిపడ్డారు. తర్వాత గొంతు సవరించుకుని, "మొండి దుమ్ము" అన్నారు.

నేల మీద రుమాలు పరిచి, దాని మీద అప్పుడే ఊడదీసిన గాజుబిళ్ళ ఉంది. సంచీలో అలాంటిదే ఇంకోటి, కొత్తది. నేయ్వా పాతది చేతిలోకి తీసుకుంది. ఆయన వద్దని చెయ్యి చాపారు గానీ కడ్డీ వేడిగా ఉండటంతో ఆగిపోయారు. ప్రతి బిళ్ళ అంచు మీదా ఏ పొయ్యిలో ఏ రోజు కాలిందో సూదితో గీసి ఉంటుంది. ఆమె దాన్ని కిటికీ వైపు తిప్పి చదివింది. రెండో పొయ్యి. డెబ్బై రెండు, జనవరి ఇరవై రెండు.

రెండో పొయ్యి ఎప్పుడూ ఆమెదే. ఆ తేదీ ఆమెకి బాగా గుర్తుంది. ఊరి ద్రాక్షపండుగ ఊరేగింపుని ఆ ఏడు రంగుల్లో దేశమంతా చూపిస్తారని ఊరు ఊరంతా ఊగిపోతున్న రోజులవి. టీవీలు చేసేవాళ్ళు బిళ్ళల కోసం ఎగబడుతున్నారు. కర్మాగారంలో ఊపిరి తీసుకునే తీరిక లేదు. అంతలో ఊరేగింపులో మూడో బండి మీద ద్రాక్షగుత్తులు పట్టుకుని నిలబడటానికి నేయ్వాని ఎంపిక చేశారు. ఆ శనివారం సాయంత్రం రిహార్సల్. పొయ్యిలో గాజు ఇరవై గంటలు మెల్లిగా చల్లారాలి. ఆమె పద్నాలుగో గంటకే తలుపు తీసి బిళ్ళలు బయట పెట్టి, గౌను మార్చుకుని పరిగెత్తింది. చూడ్డానికి గాజు గాజులానే ఉంది. పరీక్ష బల్ల మీద కూడా అన్నీ బాగానే తేలాయి. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తర్వాత తనూ మరిచిపోయింది.

"తొందరగా తీసిన గాజు చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది" అన్నారు అన్సెల్మో గారు, నేల వైపు చూస్తూ. "టీవీలో అరగంట కాగిందంటే లోపల బిగుసుకున్నది కదులుతుంది. మొదటి గీత రవ్వంత ముందో వెనకో బయటికొస్తుంది. రెండో గీతతో కలవదు. ముఖాల మీద చారలు పడతాయి."

"ఎన్ని బిళ్ళలు?"

"నూట అరవై రెండు. అన్నీ మన ఊరి చుట్టుపక్కలే అమ్ముడుపోయాయి. ఎవరింట్లో ఉన్నాయో రాసిపెట్టినవాళ్ళు లేరు. అందుకని కిటికీల్లోంచి చూడాల్సి వచ్చింది."

నేయ్వా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. జనం ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడిగింది. రంగుల టీవీ అంటే ఎలా ఉండాలో ఎవరికి తెలుసు, చారలు కూడా రంగులతో పాటే వస్తాయనుకున్నారని ఆయన చెప్పారు. నిజమే, ఆమె ఇంటి పక్కవాళ్ళు కూడా అలాగే అనుకునేవారు. మరి మొదట ఎలా తెలిసిందని అడిగింది.

ఊరేగింపు రోజు బజారులో టీవీ కొట్టు అద్దం ముందు జనంతో పాటు తనూ నిలబడ్డానన్నారాయన. "మూడో బండి వచ్చింది. నువ్వు చెయ్యి ఊపుతున్నావు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నీ ముఖం మీద చారలు. పక్కవాళ్ళు అది వేషం అనుకున్నారు, బాగుందని చప్పట్లు కొట్టారు. నేను కొట్టువాణ్ణి బతిమాలి టీవీ వెనక విప్పించి నంబరు చదివాను."

కర్మాగారం యజమాని అర్కాంజెలో మంచివాడే గానీ, తప్పు చేసినవాళ్ళని గేటు దాటించడంలో ఆలస్యం చేసే మనిషి కాదు. ఆ రోజుల్లో నేయ్వా ఇంట్లో అయిదుగురు ఆమె జీతం మీదే బతికేవారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ పైకి అనలేదు. కర్మాగారం పారేసిన బిళ్ళలని ఆయన అడిగి తెచ్చుకుని, పెరట్లో రొట్టెల కోసం కట్టిన ఇటుకపొయ్యిలో మళ్ళీ కాల్చి, ఇరవై గంటలు కాపలా కాసి చల్లార్చి, చేత్తో అరగదీసి బాగుచేసుకునేవారు. వారానికి ఒకటి, మహా అయితే రెండు.

"నన్నెందుకు తిట్టలేదండీ?" అని అడిగింది నేయ్వా.

"తిడదామనే సోమవారం పొద్దున్నే వచ్చాను" అన్నారాయన. "నువ్వు బల్ల ఎక్కి, ఎలా చెయ్యి ఊపావో అందరికీ చూపిస్తున్నావు. సరే, రేపు తిడదామనుకున్నాను. మర్నాడూ చూపిస్తూనే ఉన్నావు. ఆ వారమంతా చూపించావు. ఈలోపు నేను రెండు బిళ్ళలు మార్చేశాను. ఆ తర్వాత తిట్టడానికి మనసొప్పలేదు. పాసిపోయిన కోపం ఎవరికి పెడతాం?"

నేయ్వాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో పళ్ళెం ఉంది కాబట్టి కేకు తినేసింది. అది ఆయన ముక్క. ఆయన దాన్ని చివరి ముద్ద దాకా చూస్తూ ఊరుకున్నారు.

సోమవారమే వెళ్ళి యజమానికి చెప్పేస్తానంది. ఆయన కంగారుపడ్డారు. ఇది నూట యాభై ఎనిమిదోదనీ, ఇంకా నాలుగే మిగిలాయనీ, అవి కూడా దొరికాక చెప్పుకోవచ్చనీ నచ్చజెప్పారు.

"అప్పుడు చెప్పడానికి ఏముంటుంది?" అంది నేయ్వా.

"ఏమీ ఉండదు. అందుకే అప్పుడు చెప్పు" అన్నారాయన.

ఎర్మెలిందాకి మాత్రం ఆమె ఆ రాత్రి భోజనాలకి ముందే చెప్పేసింది. ఎర్మెలిందా అంతా విని, గిన్నె పక్కన పెట్టింది. అయిదేళ్ళుగా శనివారం పూట తన రొట్టెపొయ్యి ఎందుకు ఖాళీగా దొరకడం లేదో ఆవిడకి అప్పుడు అర్థమైంది. భర్త అందులో ఏదో కొత్త యంత్రం కనిపెడుతున్నారనుకుని, కోళ్ళు మళ్ళీ పిల్లల్ని పెట్టకపోతే చాలని ఊరుకుందట. తర్వాత ఆవిడకి ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"నేను ఇరసేమాకి నెల రోజులుగా నమస్కారం పెట్టడం మానేశాను" అంది.

మరునాడు అంజూరపు జామ్ సీసా ఒకటి పట్టుకుని బేకరీకి వెళ్ళి, ఏమీ చెప్పకుండా గల్లా మీద పెట్టి, నమస్కారం పెట్టి వచ్చేసింది. ఎర్మెలిందా తనతో ఎందుకు మాటలు మానేసిందో, మళ్ళీ ఎందుకు మొదలుపెట్టిందో ఇరసేమాకి ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత వేట ఇద్దరిదీ అయింది. మనిషికొక వీధి పంచుకునేవారు. ఒకటి అగ్నిమాపక కేంద్రంలో దొరికింది. ఇంకోటి రైలుస్టేషన్ దగ్గర సత్రంలో. మూడోది పక్క ఊరు ఫర్రోపిలాలో ఒక పళ్ళడాక్టరు వరండాలో ఉంది. అక్కడ రోగులకి తప్ప కుర్చీ లేదు, రోగులు కానివాళ్ళని ఆ డాక్టరు బయటికి పంపేవాడు. అన్సెల్మో గారు రెండు వారాల్లో రెండుసార్లు వెళ్ళారు. మొదటిసారి టీవీ వేడెక్కడం చూడటానికి ఒక పన్ను పీకించుకున్నారు. రెండోసారి బిళ్ళ మార్చడానికి ఇంకొకటి. రెండు పళ్ళూ గట్టివేనని డాక్టరు నేయ్వాతో తర్వాత బాధపడ్డాడు.

ఆఖరిది దోనా జుల్మీరా ఇంట్లో ఉంది. కిటికీలోంచి చూసినందువల్ల అది ఆయనకి తెలుసు, లోపలికి వెళ్ళే దారే లేదు. కాబట్టి నేయ్వా వెళ్ళింది, గౌను అంచు కుట్టించుకునే వంకతో. మొదటి రోజు కొలత ఇచ్చి, టీవీ ముందు అరగంట కూర్చుని వార్తలు చదివే కుర్రాడి బుగ్గల మీద చారలు చూసుకుంది. రెండోసారి సంచీ తీసుకుని సాయంత్రం ప్రార్థన వేళకి వెళ్ళింది. జుల్మీరా ముసుగు వేసుకుని చర్చికి బయల్దేరుతూ, వచ్చేదాకా పొయ్యి మీద చిక్కుళ్ళు చూస్తూ ఉండమంది.

నేయ్వా అంతకుముందు ఆయన పక్కన నిలబడి మూడు బిళ్ళలు మార్చడం చూసింది గానీ ఒంటరిగా చేయడం అదే మొదలు. వెనక చెక్క విప్పడానికే పది నిమిషాలు పట్టింది. పాత బిళ్ళ ఊడొచ్చింది, తన పొయ్యి నంబరు మళ్ళీ కనబడింది. కొత్తది పెట్టి, నాలుగు కాళ్ళూ అతికించి, చెక్క బిగించి లేచేసరికి చిక్కుళ్ళు మాడి వంటిల్లంతా పొగ. ఒక రకంగా మంచిదే అయింది, గుగ్గిలం వాసన అందులో కలిసిపోయింది.

జుల్మీరా తిరిగొచ్చి గిన్నె చూసి, పెళ్ళయ్యాక నీ మొగుడు పాపం అని ఒక మాట అని, టీవీ పెట్టింది. నేయ్వా కాళ్ళు కదపలేదు. బొమ్మ వచ్చింది. పావుగంట గడిచింది. అరగంట అయింది. వార్తలు మొదలయ్యాయి. కుర్రాడి ముఖం కడిగిన ఆపిల్ పండులా ఉంది, ఒక్క చార లేదు.

జుల్మీరా చేతిలో సూది ఆగిపోయింది. లేచి తెర దగ్గరికి వెళ్ళి చూసింది. గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది.

"తగ్గిపోయింది" అంది.

"ఏమిటండీ?"

"ఆ పిల్లాడి చర్మరోగం. పాపం, ఎంత అందమైన ముఖం, దాన్నిండా మచ్చలు. చూడలేకపోయేదాన్ని. అయిదేళ్ళ నుంచి ప్రతి శనివారం కరవాజ్జో మేరీమాతకి వాడి పేరున కొవ్వొత్తి పెడుతున్నాను. మొన్న వాడిని మా అబ్బాయి అనుకోమని కూడా చెప్పుకున్నాను తల్లికి."

నేయ్వా తన గౌను తీసుకుని బయటికొచ్చి, వీధి మలుపు తిరిగేదాకా ఆపుకుని, అక్కడ గోడకి ఆనుకుని నవ్వింది.

ఆ వారంలో ఆ వీధి వీధంతా జుల్మీరా ఇంటికొచ్చి వార్తలు చూసింది. ఫాదరీ గారు కూడా వచ్చి, ఏ మాటా అనకుండా కాఫీ తాగి వెళ్ళారు. నేయ్వా యజమానికి ఏమీ చెప్పలేదు, చెప్పడానికి నిజంగానే ఏమీ మిగల్లేదు. మరుసటి ఏడు పొయ్యిల విభాగం మొత్తం ఆమె చేతికిచ్చారు. కర్మాగారం మూతపడేదాకా, అంటే గాజు చేసే పనిని గోరంత చిప్పులు చేయడం మొదలుపెట్టేదాకా, ఆమె ఏ పొయ్యినీ ఒక్క నిమిషం ముందు తెరవలేదు.

ఆ మే నెలలో కరవాజ్జో మాత ఉత్సవానికి అన్సెల్మో గారు, ఎర్మెలిందా, నేయ్వా అందరితో పాటు నడిచి కొండ మీద చర్చికి వెళ్ళారు. మొక్కు తీరినవాళ్ళు తెచ్చిపెట్టే గదిలో ఊతకర్రలు, మైనపు కాళ్ళు, పసిపిల్లల బొమ్మలు గోడ నిండా వేలాడుతున్నాయి. వాటి మధ్య పత్రికలోంచి కత్తిరించి చట్రం కట్టించిన ఫోటో ఒకటి కొత్తగా మెరుస్తోంది. టై కట్టుకున్న వార్తల కుర్రాడు. కింద జుల్మీరా చేతిరాత: పొందిన మేలుకి కృతజ్ఞతతో.

నేయ్వాకి నవ్వొచ్చింది, కొంచెం కష్టంగానూ అనిపించింది. నూట అరవై రెండు ఇళ్ళు, అయిదేళ్ళు, రెండు మంచి పళ్ళు. ఊళ్ళో ఎవరికీ ఆ ముచ్చట తెలియదు, తెలిసిన పేరల్లా కేకుల అన్సెల్మో. మీకు బాధగా లేదా, కనీసం జుల్మీరా గారికైనా చెబుదామా అని చెవిలో అడిగింది.

అన్సెల్మో గారు టోపీ తీసి ఆ ఫోటోని చాలాసేపు చూశారు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"నా బిళ్ళకి గ్యారంటీ రెండేళ్ళే అమ్మాయ్" అన్నారు. "మాత పేరు మీద ఉందనుకో, జీవితాంతం నడుస్తుంది."

అని, గుమ్మం దగ్గర ఒక కొవ్వొత్తి కొని, ఫోటో కింద వెలిగించి నిలబెట్టి, బయట ఎండలో తొందరపెడుతున్న ఎర్మెలిందా వైపు నడిచారు.